రెండు డిస్కుల పెట్టె

పాడైన డిస్కులోంచి పెళ్లి ఫొటోలన్నీ బయటపడ్డాయని రిపేరు కొట్టు నుంచి ఫోన్ రాగానే కొత్త కోడలికి ప్రాణం లేచొచ్చింది. ఆ డిస్కులో ఫొటోలు దాచిన మరిది ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

“చూశావా వదినా, ఏమీ పోలేదు. ఇకనుంచి ఆఫీసు నుంచి తెచ్చిన నా పాత కంప్యూటర్లో దాస్తాను.”

“రాత్రింబవళ్లు పిండిమరలా రొదపెడుతూ కరెంటు మింగేదాంట్లోనా?”

“నీకేం తెలుసని?”

“ఒకే డిస్కును లోపల రెండు భాగాలు చేసి, రెంటిలోనూ ఫొటోలు పెట్టి, రెండు కాపీలున్నాయని నమ్మించావు. కుండ పగిలితే అడుగు నీళ్లు మాత్రం మిగులుతాయా?”

“అన్నయ్యతో చెప్తా.”

“చెప్పు. చెప్పుల డబ్బా కన్నా చిన్న పెట్టె, లోపల వేర్వేరు డిస్కులు రెండు, ఒకటి పోయినా ఫొటోలు రెండోదాంట్లో ఉంటాయి. ఆయనా నేనూ కలిసే ఎంచుకున్నాం. రేపు పదింటికి కొంటున్నాం, నువ్వూ రా.”

“నేనెందుకు?”

“నీ పిండిమరను పాతసామాన్ల కొట్టుదాకా ఎవరు మోస్తారు మరి?”