పదకొండో తోక

మేడం పదకొండింటికి వచ్చి చిట్టి రెండేళ్ళ పనికి మంగళం పాడేస్తానన్న రోజు. వైరస్‌ల ల్యాబులో చీకటిగది. మైక్రోస్కోపు ముందు చిట్టి. పక్కన, వైరస్ పెంచి పారేసే డిష్షుల్ని ఆవిరిలో ఉడకబెట్టే పిన్ని.

“...ఊగకు పిన్నీ, బల్ల కదులుతోంది!”

“ఊగుతున్నది నువ్వే తల్లీ. ఇందాకట్నుంచీ ఒకటే గంతులు. ఏముందే అందులో?”

“పచ్చచుక్కలు! పచ్చచుక్కలు పిన్నీ! చూడు, చూడు!”

“చూడమంటూ నువ్వే కన్ను ఆనించి కూర్చుంటే ఎట్లా? జరుగు... అబ్బో, మిణుగురులే! ఏంటవి?”

“వైరస్ మన కణంలో దూరి కాపీలు తీసుకుంటుందా? ఆ కాపీలు తీసే యంత్రం పేరు పాలిమరేజ్. దానికి వెలిగే తోక తగిలించా. అది ఎక్కడ పనిచేస్తే అక్కడ వెలుగు!”

“ఇంతోటి దానికి రెండేళ్ళా?”

“తోక తగిలిస్తే చాలు, యంత్రం మొరాయించేది, వైరస్ చచ్చేది. పది చోట్ల తగిలించి చూశా, పదీ పోయాయి. ఇది పదకొండోది.”

“ఇదైనా బతికుందా, ఉత్త తోకే వెలుగుతోందా?”

“బతికుంది! పక్క కణాల్లోకీ పాకుతోంది, చూడు. చచ్చిందైతే పాకుతుందా?”

“నక్క తోక తొక్కొచ్చావు పో! ఇంక మేడం మూసెయ్యదుగా?”

“మూస్తే ఈ బల్లకే నన్ను కట్టేసుకుంటా. చేతులివ్వు పిన్నీ, తిరుగుదాం!”

“ఒసే ఒసే, నా మోకాళ్ళే!”

“ఏంటా గోల? చిట్టీ! పిన్నీ, మీరూనా?”

“మేడం! ముందు చూడండి, తర్వాత తిట్టండి.”

“జరుగు... ఊఁ... ఊఁ.”

“ఊఁ ఏంటి మేడం? నా ప్రాణం పోయేలా ఉంది. ఏదో ఒకటనండి.”

“వైరస్ పెట్టి ఎన్నో రోజిది?”

“అదీ... రోజులంటే...”

“చిట్టీ.”

“అయిదో రోజు. రెండో రోజు చూస్తే వెలుగే లేదు మేడం. రెండో రోజుకి వెలగనిది పారెయ్యాలన్న మీ నియమం ప్రకారం పారెయ్యమని పిన్నికి చెప్పి, జ్వరమొచ్చి ఇంటికెళ్ళిపోయా.”

“మరి ఇదిక్కడెందుకుంది? పిన్నీ?”

“పారేద్దామనే అనుకున్నానమ్మా... డబ్బా నిండిపోయింది, రేపు చూద్దాంలే అని... మర్నాడేమో మర్చిపోయా. నన్ను తిట్టండి, పిల్లనేం అనకండి.”

“తిట్టడమా? చిట్టీ, ఆ పదింటినీ ఎన్నో రోజు పారేశాం?”

“రెండో రోజే మేడం. అన్నీ.”

“పని మూయడం రద్దు. నా రెండ్రోజుల నియమం కూడా రద్దు. ఒక్కోదాని నమూనా కాస్త ఫ్రీజర్లో దాచాంగా, అవి తియ్యి, ఆ పదింటినీ మళ్ళీ పెంచుదాం.”

“చచ్చినవాటినా? ఎందుకు మేడం?”

“చచ్చాయని ఎవరన్నారు? తోక బరువుకి నిదానంగా నడుస్తున్నాయేమో!”

“అమ్మో! అంటే ఈ రెండేళ్ళూ నేను బతికున్నవాటినే ఉడకబెట్టానా?”