మూడో బోరు పెట్టెలు

(బోర్లు వేసి తీసిన రాతి నమూనాలు పెట్టెల్లో దాచే షెడ్డు. పొద్దున పది గంటలు. సొరంగం దారిలో నేల ఎలాంటిదో చెప్పే జియాలజిస్టు, షెడ్డు చూసుకునే పెద్దాయన.)

“ఈ పెట్టెల మీద అంకెలు ఎవరు వేశారు బాబాయ్?”

“అవా... ఎప్పటివో మేడమ్. టీ తెప్పించనా?”

“టీ వద్దు. ఇది నీ రాతే.”

“నాదే అనుకుంటా.”

“అనుకోవడమేంటి? డ్రిల్లింగ్ వాళ్ళ పుస్తకంలో మూడో బోరు నూటనలభై మీటర్లు, ఏడోది తొంభై. నీ పెట్టెల్లో తొంభైకే అయిపోయింది. ఏడో బోరేమో నూటనలభై దాకా ఉంది.”

“వాళ్ళే తప్పు రాసుంటారు.”

“బాబాయ్!”

“వానకి షెడ్డు కారిందమ్మా. అంకెలు చెరిగిపోయాయి. గుర్తున్నట్టు మళ్ళీ వేశా. రెండు నెలల్లో రిటైరయ్యేవాణ్ణి, నా పొట్ట కొట్టకమ్మా.”

“అయ్యో... అయ్యయ్యో...”

“రాళ్ళే కదమ్మా! అటువి ఇటైతే కొంప మునిగిందా?”

“మునిగింది. ఈ రాళ్ళ మొనలు చూడు. ఏట్లో దొర్లినవైతే నున్నగా ఉండేవి. ఇవి పక్కనున్న కొండ అంచు విరిగి పడ్డవి. వాటి మీద ఒండ్రు ఎంత మందంగా ఉందో చూడు.”

“చూస్తున్నా. అయితే?”

“ఒకప్పుడు ఇక్కడ నేల సాగి చీలింది. చీలిక పక్కన పెద్ద గుంటలా కుంగింది. కుంగేకొద్దీ ఒండ్రు పడుతూనే ఉంది. ఎక్కడ బాగా మందంగా ఉంటే ఆ పక్కనే చీలిక. అది ఏడో బోరు దగ్గర, సొరంగానికి దూరంగా ఉందని రాసిచ్చా.”

“మరి నిజంగా...”

“మూడో బోరు దగ్గర. సొరంగం దారిలోనే. అంతా నలిగిన రాయి, దాన్నిండా నీళ్ళు. సొరంగం తవ్వే మిషను దానికి తగిలిందంటే...”

“ఎప్పుడు తగులుతుంది?”

“ఇవాళో రేపో.”

“ఫోన్ చెయ్యమ్మా. ఆపమను.”

“ఆగు, ఆగు. ఆ పుస్తకం చూడకుండా సంతకం పెట్టింది నేను. భయంగా ఉంది బాబాయ్. అన్నీ ఇంకోసారి సరిచూసుకుని సాయంత్రం మెల్లగా చెబుదాం. ఎవరితో అనకు.”

“సాయంత్రం దాకా వద్దు. ఇప్పుడే చెయ్యి.”

“నీ ఉద్యోగం పోతుంది.”

“పోనీ.”

“ఇందాక పొట్ట కొట్టకన్నావుగా!”

“మా అల్లుడిది ఆ మిషను దగ్గరే పని. పైనుంచి నీళ్ళు కారుతున్నాయి, ఇవాళ దిగను మావయ్యా అని పొద్దున్నే మొండికేశాడు. ‘మా మేడమ్ సంతకం పెట్టాక భయమేంటయ్యా, వెళ్ళు’ అని నేనే తోసి పంపా.”