తాబేటి గుట్ట కింద నీళ్ళు

సభకు అధ్యక్షత వహిస్తున్న మండల రెవెన్యూ అధికారి పద్మావతమ్మ గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఇన్నేళ్ళు నాతో కలిసి పనిచేసిన ఆఫీసు మిత్రులకు, వేరుశనగ కలుపు పని మానుకుని రెండు ట్రాక్టర్లలో గువ్వలకుంటపల్లి నుంచి వచ్చిన అన్నలకు, అక్కలకు నమస్కారం. ముందు వరుసలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి అని మేడం గారు రెండుసార్లు చెప్పినా మీరు వెనకనే కూర్చున్నారు. మిమ్మల్ని నేనేమీ అనలేను. ముప్పై ఏళ్ళు ఏ సభ జరిగినా నేను గోడకు ఆనుకుని, చేతిలో నీళ్ళ గ్లాసుల పళ్ళెంతో నిలబడినవాణ్ణే. ఈ రోజు నా చేతికి పళ్ళెం లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. (నవ్వులు)

నేను మైకు ముందు మాట్లాడటం ఇది రెండోసారి. మొదటిసారి ఐదేళ్ళ కిందట, రెండువేల ఒకటిలో, హైస్కూలు ఆవరణలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో. ఈ రోజు కూడా దాని గురించే మాట్లాడతాను, ఎందుకంటే నా ఉద్యోగంలో చెప్పుకోదగ్గది ఇంకేమీ లేదు. అటెండరుగా చేరాను, అటెండరుగానే దిగిపోతున్నాను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కరువు పనుల్లో రోడ్డుకు కంకర కొట్టేటప్పుడు, మేస్త్రీ 'కుళ్ళాయప్ప' అని నా పేరు పిలిచినప్పుడల్లా కాగితంలో ఎక్కడ వేలు పెడుతున్నాడో చూసి నా పేరు నేర్చుకున్నాను. పక్కవాళ్ళ పేర్లు కూడా అట్లే నేర్చుకున్నాను. అక్షరాలన్నీ అయ్యేసరికి ఆ రోడ్డు కూడా అయిపోయింది. ఆఫీసులో చేరాక, రాత వచ్చిన అటెండరని వానకొలత, బావికొలత నాకు అప్పగించారు. పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు వెనక వాన గేజి చూడాలి. నెలకు రెండుసార్లు తాబేటి గుట్ట కింద నారాయణమ్మక్క చేనిలో ఉన్న బావి కొలవాలి. తాడు చివర రాయి కట్టి, తాడుకు సుద్ద రుద్ది వదిలితే, తడిసిన చోట సుద్ద రంగు మారుతుంది. అక్కడ వేలుపెట్టి పైకి లాగి మూరలు లెక్కపెట్టుకోవడమే. ఈ పని నాకు ఎంత నచ్చిందంటే, నెలకు రెండుసార్లు చాలదని, ఆఫీసుకు వచ్చే దారిలో రోజూ కొలిచేవాణ్ణి. నారాయణమ్మక్క మొదట్లో 'ఏమప్పా, నా బాయిలో నీ సొమ్మేమన్నా పడిపోయినాదా, దినామూ తొంగి చూస్తాండావు?' అనేది. (నవ్వులు) అక్కా, ఆ మాట నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను రాసిపెట్టుకున్నాను.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. ఎనభై తొమ్మిదిలో అప్పటి మన ఊరి సర్పంచి పుల్లన్న నా దగ్గరికి వచ్చాడు. అదుగో, మూడో వరుసలో తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. 'బాయిలో నీళ్ళు ఉండాయని రాసినావంట కదప్పా. ఉండేది అడుగున నాలుగు మూరలు, దాంతో మడి తడస్తాదా? నువ్వు ఉండాయని రాస్తే ఊరు కరువు లిస్టులోంచి పోతాది. గడ్డి రాదు, విత్తనాలు రావు. నీ అక్షరానికి మా గొడ్లు చావాల్నా?' అన్నాడు. అతను అన్న దాంట్లో అబద్ధం లేదు. ఆ నెల రిజిస్టరులో 'నీరు లేదు' అని రాశాను. తరువాతి నెలా రాశాను. అలా పన్నెండేళ్ళు రాశాను. గడ్డి వచ్చింది, విత్తనాలు వచ్చాయి. నాకు మాత్రం రాసినప్పుడల్లా ఒళ్ళు బరువుగా ఉండేది. అందుకని ఇంటికి పోయి, చీకటి పడకముందే, అసలు కొలత ఇంకో నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. గుట్ట మీద ఏ నాడు వాన పడిందో, ఎన్నో రోజున బావిలో ఎంత పెరిగిందో అన్నీ రాసేవాణ్ణి. ఎవరికీ చూపించాలని కాదు. తప్పు రాసిన చేతికి ఒప్పు రాయడం కూడా వచ్చని నాకు నేను చెప్పుకోవడానికి.

తొంభై తొమ్మిదిలో గుట్ట కింద బోరు మిషన్లు దిగాయి. మొదట నీళ్ళ కోసమన్నారు, తరువాత వజ్రాల కోసమన్నారు. ఏడాదిన్నర పోయాక అసలు సంగతి బయటపడింది. అణు విద్యుత్ కేంద్రాల్లో కాల్చిన ఇంధనం నుంచి చివరికి మిగిలే వ్యర్థాన్ని గాజులో కలిపి, ఉక్కు పీపాల్లో పోసి, ఏదైనా గట్టి రాతి కొండ కింద లోతున పూడ్చాలట. దానికి చూస్తున్న చోట్లలో మన తాబేటి గుట్ట ఒకటి. అప్పుడు చూడాలి మన నాయకుల సంగతి. అధికారంలో ఉన్నవాళ్ళు రోడ్డు వస్తుంది, ఆసుపత్రి వస్తుంది, ఇంటికొక ఉద్యోగం అన్నారు. లేనివాళ్ళు మా శవాల మీదుగా పీపాలు దించండి అన్నారు. మండల ఎన్నికల్లో అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు అయ్యేసరికి మాటలు కూడా అటువి ఇటు అయ్యాయి. రెండు మీటింగుల్లోనూ గ్లాసులు అందించినవాణ్ణి కనుక చెబుతున్నాను, చేతిలో కాగితాలు కూడా మార్చుకున్నారేమో అనిపించింది. (నవ్వులు, చప్పట్లు) ఇక్కడ ఇద్దరూ ఉన్నారు, నా మీద కోపం వద్దు, రేపటి నుంచి నేను మామూలు ఓటరును.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు వచ్చిన ఇంజనీరు సారు మంచి మనిషి. కోస్తా ప్రాంతంవాడు. మనల్ని ఎక్కడా చిన్నచూపు చూడలేదు. పటం మీద కర్ర పెట్టి నిదానంగా చెప్పాడు. "ఈ వ్యర్థానికి శత్రువు నీరు. రాతిలో నీరు కదిలితే పీపాలు తుప్పు పడతాయి, ఆ నీరు ఎక్కడికి పోతే అక్కడికి విషం పోతుంది. ఈ గుట్ట రాతిలో నీరు కదలదు. మేం చెప్పే మాట కాదండీ ఇది, మీ మండలం రికార్డే చెబుతోంది. గుట్ట కింద బావిలో పన్నెండేళ్ళుగా చుక్క నీరు లేదు."

నేను ఆ సమయానికి ఆయనకే నీళ్ళ గ్లాసు అందిస్తున్నాను.

కరువని మనం పన్నెండేళ్ళు చెప్పుకున్న మాటే తిరిగి వచ్చి మన మీద సాక్ష్యం చెప్పింది. పుల్లన్న తల తిప్పి నా వైపు చూశాడు. అప్పుడు వెనక నుంచి నారాయణమ్మక్క లేచింది. 'ఏం సారూ, నా బాయిలో నీళ్ళు లేవని ఎవురు చెప్పినారు? పొద్దున ఆ నీళ్ళే పోసుకోని వచ్చినా, యాడ ఉండాదో ఆ లేని చుక్క, నా తల ఇంకా ఆరలే!' అంది. జనం గొల్లుమన్నారు. సారు కూడా నవ్వి, "రికార్డులో లేవమ్మా" అన్నాడు. 'ఆ రికార్డు ఎవురు రాసినారు?' అంది అక్క. అనగానే ఆమెకే తట్టింది. నన్ను చూసింది, కూర్చుంది. నా పేరు చెప్పలేదు.

భోజనాలకు లేచినప్పుడు కొళాయి దగ్గర పుల్లన్న నన్ను పట్టుకున్నాడు. 'నోరు మెదపద్దు కుళ్ళాయప్పా. దొంగ లెక్క రాసినావని తెలిస్తే నీ ఉద్యోగం పోతాది, ఊరు కరువు లిస్టులోంచి పోతాది' అన్నాడు. వెనకనే నారాయణమ్మక్క వచ్చింది. 'లిస్టు పోతే ఎన్నేండ్లు కష్టమన్నా?' అని అడిగింది. 'ఒగేడు, రెండేండ్లు' అన్నాడు. 'ఆ పీపాలు ఎన్నేండ్లు ఉంటాయని చెప్పినాడు సారు?' 'పదివేల ఏండ్లు.' అక్క చెయ్యి కడుక్కుంది. నేను అప్పుడు చెప్పాను, అసలు కొలతలు ఇంట్లో ఉన్నాయని. పుల్లన్న నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. 'పన్నెండేండ్లు నాకు తెలీకుండా రాసినావా? సచ్చినోడా, రా, నా బండెక్కు' అన్నాడు. (నవ్వులు)

ఇంట్లో నా భార్య బయమ్మ పుస్తకాలన్నీ జొన్నల డబ్బా మీద పేర్చి పెట్టింది. అన్నీ దొరికాయి, తొంభై మూడులో రెండు నెలలు తప్ప. ఆ ఏడాది జూలై, ఆగస్టు చింతపండు కుండకు మూతలయ్యాయి. (నవ్వులు) బయమ్మా, దాచినవాటికి కృతజ్ఞుణ్ణి, మూతకట్టినవాటి గురించి ఇంట్లో మాట్లాడుకుందాం.

తిరిగి వచ్చాక, నాకంటే ముందు పుల్లన్న మైకు పట్టుకున్నాడు. 'ఆ రికార్డు దొంగది. రాసినోడు ఈయప్ప, రాయమన్నోడు నేను. శిచ్ఛ వేస్తే ముందు నాకెయ్యండి' అన్నాడు. రాజకీయాల్లో ఉన్న మనిషి అంతమంది ముందు ఆ మాట అనడం ఎంత కష్టమో మీకు తెలుసు. అన్నా, ఆ రోజు నీకు చెప్పలేదు, ఈ రోజు చెబుతున్నాను, నువ్వు ముందు నిలబడకపోతే నేను మైకు దాకా వచ్చేవాణ్ణి కాను.

నేను చదవడం మొదలుపెట్టాను. గుట్ట మీద ఫలానా నాడు వాన. మూడో నాడు నారాయణమ్మ బావిలో జానెడు పెరిగింది. ఫలానా నాడు వాన. నాలుగో నాడు బెత్తెడు. ఇదే వరుస, ఏడాది తరువాత ఏడాది. ఎవరూ లేవలేదు. గంట చదివాక ఇంజనీరు సారు కర్ర కింద పెట్టి నా దగ్గరికి వచ్చి, "ఎలా కొలిచారండీ?" అని అడిగాడు. సుద్ద తాడు చూపించాను. తాడును చేతిలో తిప్పి చూసి, "రాతిలో పగుళ్ళు ఉన్నాయి. నీరు గుట్టలోంచే వస్తోంది" అని తనలో తాను అనుకుని, నా పుస్తకాల్లో లెక్కలు సాయంత్రం దాకా కూర్చుని ఎక్కించుకున్నాడు.

మరుసటి ఏడాది మన గుట్ట పేరు తీసేశారని పేపరులో రెండు వరుసలు వచ్చాయి. నా పుస్తకం వల్లే అని నేను అనను. మీరు చేసిన ధర్నాలు ఉన్నాయి, నాయకుల లెక్కలు వాళ్ళకు ఉన్నాయి. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. తప్పు చేశాను కనుక అది న్యాయమే. అప్పటి అధికారి నన్ను ఉద్యోగంలో ఉంచడమే కాక, ఆ తాడు మళ్ళీ నా చేతికే ఇచ్చారు. వారు ఎక్కడున్నా నా నమస్కారం.

కానీ ఆ ఏడాది కరువు జాబితాలో మన ఊరు లేదు. వాన లేదు, గడ్డి రాలేదు. నారాయణమ్మక్క రెండు ఎద్దులను కదిరి సంతకు తోలింది. ఆ దారి మా ఇంటి ముందు నుంచే పోతుంది. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. అక్క ఆగి, 'ఈ పొద్దు ఎంత ఉండాదప్పా బాయిలో?' అని అడిగింది. చెప్పాను. 'రాసినావా?' అంది. రాశానన్నాను. 'సరే' అని ఎద్దులను తోలుకుని పోయింది. ఊళ్ళో ఏ ఒక్కరూ ఆ ఏడాది నా ఇంటి ముందు నిలబడి ఒక్క మాట అనలేదు. నాకు జరిగిన సన్మానం అదే. ఈ శాలువా రెండోది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ప్రజాభిప్రాయ సేకరణ నాటి సాయంత్రం జీపు ఎక్కబోతూ ఇంజనీరు సారు నన్ను పక్కకు పిలిచి, "కుళ్ళాయప్ప గారూ, మీరు చెప్పింది నిజం. కానీ ఆ వ్యర్థం కూడా నిజమే. అది ఉంది. ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. మన ఆఫీసులో తిరిగే ఫ్యానుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలియదు. మన గుట్ట కాకపోతే ఇంకొకరి గుట్ట, అక్కడా ఒక నారాయణమ్మక్క ఉంటుంది. ఐదేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నా చదువుకు అందినది ఒక్కటే. ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు కానీ, పెట్టే చోట బావి కొలిచేవాడు ఉన్నది ఉన్నట్టు రాసి ఉండాలి. రాయించేవాళ్ళు కూడా దాన్ని రాయనివ్వాలి.

రేపటి నుంచి ఈ పని రేఖ చేస్తుంది. అమ్మా రేఖా, తాడు బీరువాలో పెట్టాను, సుద్దముక్కలు పక్కనే ఉన్నాయి. నారాయణమ్మక్క కుక్కకు కొత్తవాళ్ళంటే పడదు, మొదటి వారం ఆమెను పిలిచి లోపలికి పో. లెక్క విషయంలో ఎవరైనా నీ దగ్గరికి వచ్చి ఏమైనా రాయమంటే పుల్లన్న దగ్గరికి పంపు. (నవ్వులు) ఏమన్నా, చెబుతావు కదా?

ఆ హైస్కూలు సభ మర్నాటి నుంచి నేను ఇంట్లో పుస్తకం రాయలేదు. ఒక్క రిజిస్టరు చాలింది. అది చాలేటట్లు చేసిన మీ అందరికీ, గోడకు ఆనుకున్నవాణ్ణి ముందుకు పిలిచి కూర్చోబెట్టిన మేడం గారికి నా కృతజ్ఞతలు. ఈ ఉదయం ఆఖరుసారి కొలిచాను. తాబేటి గుట్ట కింద బావిలో, ఒడ్డు నుంచి పదహారు మూరల బెత్తెడు కింద నీళ్ళు ఉన్నాయి. అంతే రాశాను.

సెలవు.