నాలుగు టైర్ల గాలి

జీపు ఏటి ఇసుకలో ఇరుసు దాకా దిగబడింది. ఒళ్ళో టీకాల పెట్టె పెట్టుకుని కూర్చున్న నర్సు వైపు చూడలేక డ్రైవరు స్టీరింగు మీద నుదురు ఆనించాడు. ఈ వారంలో ఇది రెండోసారి.

"వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా లాక్ వెయ్యలేదా అన్నయ్యా?"

"వేశాను నర్సమ్మా. ఇందాక ఒక్క చక్రమే గొయ్యి తవ్వింది, ఇప్పుడు రెండూ కలిసి తవ్వుతున్నాయి."

"టైర్లలో గాలి తగ్గించకుండా ఇసుకలోకి దింపితే తవ్వవా మరి? పదేళ్ళుగా ఒడ్డునే ఆగి గాలి తీసేవారుగా."

"తీస్తే మళ్ళీ కొట్టాలి కదమ్మా. అవతలంతా రాళ్ళదారి, మెత్తటి టైరు చీలికలైపోతుంది. గాలికొట్టే మిషను పాడైందని మూడు అర్జీలు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు."

"ఈ పెట్టెలో ఐసు మధ్యాహ్నం దాకే ఉంటుంది."

"తెలుసమ్మా."

"కాలితో తొక్కే పంపు నా సీటు కిందే ఉందిగా."



"ఒక్కో టైరుకి నాలుగొందలసార్లు తొక్కాలి," అన్నాడు డ్రైవరు.

"వెనక రెండూ నేను తొక్కుతాను. ముందు రెండూ కూడా నేనే తొక్కుతాను. మీరు ఆ కుడి మోకాలు కదపకండి చాలు."

అతను తలెత్తాడు.

"మోకాలి సంగతి మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? మీరు బండి దిగడం రోజూ చూస్తున్నాను."

"ఎప్పటినుంచి తెలుసు?"

"పోయినేడాది నుంచి. 'కాళ్ళు రెండూ బాగున్నాయి, బండి నడపొచ్చు' అని మీ ఆరోగ్య పరీక్ష కాగితం మీద రాసిందెవరనుకున్నారు? దిగి గాలి తియ్యండి."