కహ్రుబాలో ఈగ

1979 ఎండాకాలం, మిట్ట మధ్యాహ్నం. పత్తర్‌గట్టీ వెనక సందులో తస్బీ జపమాలల పూసలమ్మే దుకాణం. ఈగ ఉన్న రాయిని కాలేజీలో చూపించి అప్పుడే వచ్చిన రామ్‌చందర్, కాలం చేసిన ఉస్తాద్ వదిలివెళ్లిన గద్దె మీద కూర్చోకుండా, ముప్పై ఏళ్లుగా తన పక్కనే పనిచేస్తున్న వైకుంఠం ఎదుట నిలబడ్డాడు. 

"ఆ సానరాయి పక్కకు పెట్టు వైకుంఠం. నా మొఖం చూసి చెప్పు."

"చెప్పేదేముందన్నా. కాలేజీ సార్లకు మన పూసల సంగతేం తెలుస్తది?"

"మస్తు తెలుస్తది. ఆ సారు ముందు మురిసిండు. మనిషి పుట్టకముందటి ఈగ, చెట్టు బంకల చిక్కుకున్నది, ఆ బంక కోట్ల ఏండ్లు భూమిల ఉండి గిట్ల కహ్రుబా అయిందని పోరగాళ్లందరికి చూపెట్టిండు. అద్దాల బీరువల పెడ్తనని ఉస్తాద్ పేరు మీద చీటీ గూడ రాయించిండు. ఆఖరుకు ఒక్క చుక్క స్పిరిట్ ఏసిండు."

"ఏస్తే?"

"బంక బంక అయింది. ఏలుకు అంటుకున్నది. అసలుది అంటుకుంటదా?"

"కాలేజీకి తీస్కపోవద్దని పొద్దుగాల్నే చెప్పిన గదన్నా."

"అంటుకుంటదా, చెప్పు."

"అంటుకోదు."

"గుగ్గిలం, రామ్‌చందర్, అన్నడు. గంతే. నవ్వినా బాగుండు. చార్మినార్ చుట్టు ఎవడు కహ్రుబా కొన్నా ముందు నా దగ్గరికే తెస్తడు. నేను అసలంటె అసలు, నకిలీ అంటె నకిలీ. రేపటి సంది ఏ మొఖం పెట్టుకొని కూసోవాలె?"

"అసలుదో కాదో అని నువ్వెన్నడు సూది కాల్చి గుచ్చి చూడలేదా?"

"ఉస్తాద్ చేతులకెళ్లి తీసుకున్నదానికి సూది పెడ్తనా? ఏం మాటరా అది. పానం పోయేటప్పుడు ఉస్తాద్ తన శిష్యులల్ల పెద్ద షాగిర్దుకు ఇచ్చే రాయి. అది ఎవనికిస్తె ఆడే గద్దె మీద కూసునాలె. డబ్బీల పెట్టి ఎవలకు చూపియ్యనిదాన్ని నాకు ఇచ్చిండు."

"ఇచ్చిండు."

"పోయిన దసరకు మెరుగు పెడ్తనని నువ్వు ఇంటికి తీస్కపోయినవ్. మూడు దినాలు. తమ్ముని లెక్కనే గదా అని నేను ఫికర్ చెయ్యలే. అప్పుడే మార్చినవ్."

"చాయ్ తెప్పియ్యనా?"

"చాయ్ గీయ్ ఏమొద్దు. మార్చినవా లేదా?"

"మార్చిన."

"ఏందీ?"

"మార్చిన అంటున్న గదా. నేనే. అసలుది అమ్ముకున్న. తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

"ఎవలకు అమ్మినవ్?"

"ఎవలో బొంబాయి సేటు."

"పేరు?"

"యాదికొస్తలేదు."

"ముప్పై ఏండ్ల కింద ఏ పూసకు ఏ దారం కట్టినవో చెప్తవ్, సేటు పేరు యాదికొస్తలేదా? ఆగు. ఇటు చూడు. ఈ ఈగకు ఎడమ రెక్క మడతపడి ఉన్నది. దసర ముందుగూడ గిట్లనే ఉండె. ఇరవై ఏండ్లు దినాం చూసిన దీన్ని. ఈగ గదే, రాయి గదే. నువ్వు మార్చలే."

"మార్చిన అంటున్న గదన్నా."

"అబద్ధం. ఎవల మీదికి రాకుంట నెత్తిన ఏసుకుంటున్నవ్?"

"వద్దన్నా. పోయినోళ్లను తవ్వొద్దు."

"పోయినోళ్లంటనే నీ చెయ్యి మెడల తాయెత్తు మీదికి పోయిందేంది? ఏ బాబా కట్టిండురా అంటె ఎన్నడు చెప్పకపోతివి. ఇప్పు."

"వద్దు."

"ఇప్పుమంటున్న."

"తీస్కో. తీస్కో మరి."

"తాయెత్తుల రాయి! చీమ ఉన్నది దీంట్ల. చేతుల పెట్టంగనే తెలుస్తున్నది, ఎచ్చగ, అల్కగ. ఇది అసలుది."

"ఉస్తాద్ నీకంటె ఒక్క దినం ముందు నాకిచ్చిండు. ఒట్టేయించుకున్నడు. పనిల నువ్వే పెద్ద, గని రామ్‌చందర్‌కు తెలిస్తె ఇడిసిపెట్టి పోతడు, గిరాకీ అంత వాని మాట మీదనే వస్తది, అన్నడు."

"నన్ను బేటా అన్నడు వైకుంఠం. నా చేతులు పట్టుకొని ఏడ్చిండు."

"ఉత్తగ ఏడ్వలేదన్నా. నిజంగనే ఏడ్చిండు."

"నిజంగనే ఏడ్చి గుగ్గిలం చేతుల పెట్టిండు. అయినా, అప్పటికే ఆయనకు కండ్లు కనపడకపోయె. దీన్ని ఎవడు కాచి పోసిండు?"

"పోనీ అన్నా, ఇంక."

"పోనియ్య, చెప్పు. ఈ ఈగ ఏడికెళ్లి వచ్చింది?"

"పోసింది నేనే. ఈగ ఆ పొద్దు నీ చాయ్‌ల పడ్డది. నువ్వు తీసి పారేస్తివి, నేను ఏరుకున్న."