ముందే వచ్చిన నవ్వు

ఇంటర్వెల్ గంట కొట్టగానే భార్యాభర్తలిద్దరూ హాల్లోంచి బయటికొచ్చి మెట్ల పక్కన నిలబడ్డారు. ఆయన లిఫ్టులు బాగుచేస్తూ ఊళ్లు తిరుగుతుంటాడు. ఆవిడ కళ్లు చిన్నవి చేసి తనవైపే చూసేసరికి ఆయనకి అనుమానం వచ్చింది.

"ఏమైంది?"

"ఈ నాటకం మీరు ముందే చూశారు కదూ?"

ఆయన చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"ఎవరన్నారు?"

"ఎవరో అనాలా? స్టేజీ మీద ముసలాయన నోరు తెరవకముందే మీరు పగలబడి నవ్వారు. హాలంతా మీ తర్వాత నవ్వింది."

"పోయిన నెల క్యాంపులో చూశాను. ఆ రోజు పని తొందరగా తెమిలింది. లాడ్జి గదిలో గోడలు చూస్తూ కూర్చోలేక వెళ్లాను."

"రోజుకో నాటకం, వారానికో కచేరీ అని ఊరించి ఈ మహానగరానికి తీసుకొచ్చారు. నాలుగేళ్లయింది. రెండుసార్లు టిక్కెట్లు కొని చింపేశాను. పాపని అత్తయ్యకి అప్పజెప్పి వస్తే, ఇవాళ్టికి చేతికి చిక్కారు."

"చెబితే నీ సరదా చప్పబడిపోతుందని నోరు మూసుకున్నాను."

"అదే మూసుకోలేకపోయారుగా!"

ఆయన నవ్వబోయాడు. ఈలోగా జేబులో ఫోను మోగింది. విని, "వస్తున్నా" అని పెట్టేశాడు.

"ఎక్కడికి?"

"ఆస్పత్రిలో లిఫ్టు ఆగిపోయింది. రోగుల్ని మెట్ల మీద మోస్తున్నారట. రెండు గంటల ప్రయాణం."

"ఆస్పత్రంటే ఇంకేమంటాను? వెళ్లండి. నేనూ ఇంటికి పోతాను, ఒక్కదాన్నీ కూర్చోలేను. పోనీ ఆ ముసలాయన సంగతి ఆఖరికి ఏమవుతుందో అదైనా చెప్పి వెళ్లండి."

"నాకూ తెలీదు. అప్పుడూ ఇంటర్వెల్లోనే ఫోనొచ్చింది."