క్వార్టర్సు కింద మంచు

ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేల మీద పరిశోధన చేసే కేంద్రం అది. డైరెక్టరు గదిలో ఆయనకెదురుగా కూర్చున్న శాస్త్రవేత్త స్వయానా ఆయన భార్యకు చెల్లెలు.

“ఆ తలుపు వేసిరా అమ్మాయ్.”

“పడదు బావగారూ. గడప కుంగింది.”

“ఆఫీసులో బావగారేంటి, డైరెక్టరు గారూ అను. గడప కాదు, చెక్క ఉబ్బింది.”

“గోడ కూడా ఉబ్బిందా? ఆ పగుల్లో నా వేళ్ళు దూరుతున్నాయి.”

“అది మేస్త్రీ పనితనం. సర్లే, నీ రిపోర్టులో ఒక్క మాట బాగోలేదు.”

“ఏ మాట?”

“కరుగుతోంది.”

“కరుగుతోంది కాబట్టే రాశాను. వేల ఏళ్ళుగా రాయిలా ఉన్న నేల. వేడి పెరిగి లోపలి మంచు నీరవుతోంది. బోరు వేసి కొలిచి చూశాను.”

“కాదన్నానా? మెత్తబడుతోంది అని రాయి. చదవడానికి కాస్త సుకుమారంగా ఉంటుంది.”

“దాని మీద మీరు క్వార్టర్సు కట్టించారు. డ్రైవర్లు, వంటవాళ్ళు పిల్లాపాపలతో దిగుతారు.”

“దిగనీ.”

“కుంగితే?”

“ఎందుకు కుంగుతుంది? రాయిలాంటి నేల. నువ్వే అన్నావుగా.”

“అన్నాను. అది నిన్నమొన్నటి దాకా.”

“చూడూ, వచ్చే వారం ప్రారంభోత్సవం. రిబ్బను కూడా తెచ్చేశారు. వాతావరణ మార్పు మీద నేనే మాట్లాడాలి. ఆ మార్పు మన కాంపౌండులోకే వచ్చి కూర్చుందంటే ఏం మర్యాదగా ఉంటుంది చెప్పు?”

“మీ ఇష్టం. పొద్దున పైఆఫీసు నుంచి పెద్దాయన ఫోన్ చేశారు. మీరు లేకపోతే నేనే తీశాను.”

“తీసి?”

“నేల భేషుగ్గా ఉందని మా డైరెక్టరు గారు హామీ ఇస్తున్నారన్నాను.”

“బంగారు తల్లివి. ఏమన్నారాయన?”

“సంబరపడ్డారు. అలాగైతే ముందు డైరెక్టరు కుటుంబాన్నే దింపుదాం, మిగతావాళ్ళకి ధైర్యంగా ఉంటుంది అన్నారు. ఆర్డరు టైపవుతోందట.”

“మమ్మల్నా?”

“అక్కకి చెప్పేశాను. మోకాళ్ళ నొప్పులు కదా, కింది వాటానే అడగమంది. సామాన్లు సర్దుతోంది.”

“ఆగాగు. ఏ క్వార్టర్సులోకి?”

“కొత్తవాటిలోకే, డైరెక్టరు గారూ.”

“మతి గానీ పోయిందా నీకు? ఆ బురదలో మనుషులెవరైనా కాపురముంటారా?”